గోడల్లేని గది: కదిలే గాలిలో శబ్దాన్ని కంప్యూటర్ లెక్కించేదెలా?

నోయిడాలో కొత్తగా కట్టిన బహుళ అంతస్తుల భవనంలో ఒక ఫ్లాట్ ఊహించుకోండి. సామాను ఇంకా రాలేదు. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు నాలుగు గోడలకూ తగిలి గింగురుమంటూ తిరిగి వస్తుంది. పరుపులు, రజాయిలు, సోఫాలు, కర్టెన్లు వచ్చాక అదే చోట చప్పట్లు కొట్టి చూడండి. గింగురు ఉండదు. గోడలు అక్కడే ఉన్నా, వాటి దాకా వెళ్లిన శబ్దంలో చాలా భాగాన్ని మెత్తటి వస్తువులు మింగేశాయి. ఇదే నగరంలోని సెక్టార్ 16-ఎ ఫిల్మ్ సిటీలో టీవీ స్టూడియోలు ఉన్నాయి. అలాంటి స్టూడియోల్లో గోడలకు ఫోమ్ పలకలు అతికించేదీ ఇందుకే.

ఇప్పుడు మరో రకం గది గురించి మాట్లాడుకుందాం. అది కంప్యూటర్ లోపల ఉంటుంది. విమానం రెక్క, ఇంజన్ ఫ్యాను, గాలి మర వంటి వాటి నుంచి శబ్దం ఎలా పుట్టి ఎటు పోతుందో శాస్త్రవేత్తలు అందులో లెక్కిస్తారు. ఆ గదికీ గోడలు ఉంటాయి. అవి ఇటుక గోడలు కావు, లెక్క ఆగిపోయే హద్దులు. అయినా శబ్దం వాటికి తగిలి వెనక్కి వస్తుంది! ప్రకృతిలో లేని ఈ ప్రతిధ్వనిని ఎలా ఆపాలన్నదే ఈ వ్యాసం విషయం.

లెక్కకు హద్దు ఎందుకు?

గాలి కదలికను వర్ణించే సమీకరణాలు మనకు తెలుసు. ప్రతి చోటా, ప్రతి క్షణం ఐదు రాశులు తెలిస్తే చాలు: సాంద్రత, పీడనం, మూడు దిశల్లో వేగం. కంప్యూటర్ ఆ ప్రదేశాన్ని వల మాదిరిగా చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో బిందువు దగ్గర ఈ ఐదింటినీ లెక్కిస్తుంది. ఒక బిందువు దగ్గర తర్వాతి క్షణంలో ఏం జరుగుతుందో చెప్పాలంటే దాని చుట్టుపక్కల బిందువుల విలువలు కావాలి. మరి వల అంచున ఉన్న బిందువుకు అవతలి పొరుగు ఎవరు? ఎవరూ లేరు. అక్కడ ఏదో ఒక నియమం పెట్టాల్సిందే. ఆ నియమం తప్పయితే, అంచు దాకా వచ్చిన తరంగం బయటకు పోకుండా లోపలికి పరావర్తనం చెందుతుంది.

‘హద్దును దూరంగా జరిపితే సరిపోదా?’ అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. గాలిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 1000 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. ఒక్కో తరంగానికి కనీసం పది బిందువులైనా ఉండాలనుకుంటే, బిందువుల మధ్య దూరం 3.4 సెంటీమీటర్లు. వంద మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ప్రదేశాన్ని ఇలా విడదీస్తే సుమారు 2,500 కోట్ల బిందువులు అవుతాయి. ఒక్క క్షణపు విలువలు దాచుకోవడానికే దాదాపు ఒక టెరాబైట్ జ్ఞాపకశక్తి కావాలి. హద్దులను రెట్టింపు దూరానికి జరిపితే ఈ పని ఎనిమిది రెట్లవుతుంది. ఇంతా చేస్తే పరావర్తనం ఆగదు, కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇంకో చిక్కు ఉంది. శబ్దం చాలా సున్నితమైనది. చెవికి గట్టిగా వినిపించే 94 డెసిబెళ్ల శబ్దంలో కూడా పీడన మార్పు ఒక్క పాస్కల్ మాత్రమే. అంటే వాతావరణ పీడనంలో సుమారు లక్షో వంతు. అదే గాలిలో తిరిగే ఒక సుడి లోపల పీడన మార్పు వంద పాస్కల్‌లు ఉండవచ్చు. ఆ సుడి హద్దును దాటేటప్పుడు అందులో ఒక్క శాతం తప్పుడు శబ్దంగా మారి వెనక్కి వచ్చినా, అది మనం కొలవాలనుకున్న అసలు శబ్దంతో సమానం! లెక్క చూడటానికి చక్కగానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు.

కాలువలో రాయి, ఆకు

నిలకడగా ఉన్న చెరువులో రాయి వేస్తే అలలు గుండ్రంగా అన్ని వైపులా సమానంగా పాకుతాయి. పారే కాలువలో వేస్తే? వలయాలు పెరుగుతూనే నీటితో పాటు కిందికి కొట్టుకుపోతాయి. ప్రవాహం వెంట వేగంగా, ఎదురు దిశలో నెమ్మదిగా పాకుతాయి. గాలిలో శబ్దమూ అంతే. సెకనుకు 70 మీటర్ల వేగంతో వీచే ప్రవాహంలో శబ్దం గాలి వెంట సెకనుకు 410 మీటర్లు, ఎదురుగా 270 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. రన్‌వే మీద దిగడానికి వస్తున్న విమానం చుట్టూ గాలి వేగం దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుంది.

అదే కాలువలో ఒక ఎండుటాకు కూడా వేయండి. అది అలలా పాకదు, నీరు ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. కదిలే గాలిలో అలా కొట్టుకుపోయేవి రెండున్నాయి. ఒకటి సుడులు, రెండోది వేడి గాలి, చల్ల గాలి ముద్దలు. అంటే హద్దు దగ్గరికి మూడు రకాల అతిథులు వస్తారు: శబ్ద తరంగాలు, సుడులు, ఉష్ణోగ్రత తేడాలు. ఒక్కో రకం ఒక్కో వేగంతో వస్తుంది. ప్రవాహం బయటకు వెళ్లే వైపున మూడూ వస్తాయి. గాలి లోపలికి వచ్చే వైపున ఎదురీదుతూ శబ్దం ఒక్కటే చేరుతుంది. నిశ్చలమైన గాలికి పనిచేసే హద్దు నియమం కదిలే గాలిలో విఫలమవడానికి కారణం ఇదే.

మొదటి ఉపాయం: తలుపు తీసి ఉంచడం

‘తరంగం బయటకు మాత్రమే పోవాలి, లోపలికి రాకూడదు’ అన్న మాటనే ఒక సమీకరణంగా రాసి హద్దు దగ్గర పెట్టవచ్చు. 1977లో బియోర్న్ ఎంగ్‌క్విస్ట్, ఆండ్రూ మజ్డా ఈ దారిలో ఒక క్రమబద్ధమైన పద్ధతిని ప్రచురించారు. అందులో అతి సులువైన నియమం గోడకు లంబంగా వచ్చే తరంగాన్ని పూర్తిగా వదిలేస్తుంది. కానీ తరంగాలన్నీ అలా సూటిగా రావు కదా! లంబానికి 45 డిగ్రీల కోణంలో వచ్చే తరంగంలో 17 శాతం, 60 డిగ్రీలకు 33 శాతం, 80 డిగ్రీలకు 70 శాతం ఎత్తుతో పరావర్తనం వెనక్కి వస్తుంది. ఎదురుగా వచ్చినవారికి తెరుచుకుని, పక్కగా వచ్చినవారికి మూసుకునే తలుపు అన్నమాట. మరింత సంక్లిష్టమైన సమీకరణాలతో దీన్ని మెరుగుపరచవచ్చు. కాకపోతే ప్రోగ్రామ్‌లో వాటిని అమర్చడం కష్టమవుతుంది, మూలల దగ్గర మరీ కష్టం.

కదిలే గాలి విషయానికి వస్తే, 1993లో క్రిస్టఫర్ టామ్, జే వెబ్ ప్రచురించిన నియమాలు బాగా వాడుకలోకి వచ్చాయి. ప్రవాహం బయటకు పోయే వైపున శబ్దానికి, సుడులకు, ఉష్ణోగ్రత తేడాలకు వేర్వేరు దారి చూపించడం వాటి ప్రత్యేకత.

రెండో ఉపాయం: నెమ్మదిగా మింగే పరుపు

విశాఖపట్నం సముద్రతీరంలో రెండు దృశ్యాలు చూడవచ్చు. ఓడరేవు కాంక్రీటు గోడకు తగిలిన అల ఎగిరిపడి వెనక్కి మళ్లుతుంది. ఇసుక ఒడ్డు మీదికి వచ్చిన అల పాకుతూ, నురగలు కక్కుతూ, వాలులోనే అలిసిపోతుంది. తిరిగి వెళ్లే అల దాదాపు ఉండదు. ఓడల నమూనాలను పరీక్షించే పొడవాటి నీటి తొట్ల చివర్లో ఇంజనీర్లు కృత్రిమంగా ఇలాంటి వాలు ‘ఒడ్డు’ కడతారు. విశాఖలోని నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్.ఎస్.టి.ఎల్.లో అలాంటి నమూనాల పరీక్షలు జరుగుతాయి. తొట్టి చిన్నదే అయినా, అలలకు మాత్రం అది అంతులేని సముద్రంలా కనిపించాలి.

కంప్యూటర్‌లో ఈ ఇసుక ఒడ్డుకు సమానమైనది ‘స్పాంజి పొర’. హద్దుకు ముందు కొన్ని వరుసల బిందువుల్లో తరంగాన్ని కొద్దికొద్దిగా అణిచివేస్తారు. కిటుకంతా ఆ ‘కొద్దికొద్దిగా’లోనే ఉంది. అణచివేత ఒక్కసారిగా మొదలైతే, ఆ మొదలైన చోటే కొత్త గోడగా మారి తరంగాన్ని వెనక్కి పంపుతుంది. అందుకే పొర మందంగా ఉండాలి. పెద్ద తరంగాలకు మరీ మందంగా ఉండాలి. 50 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం 6.8 మీటర్లు. మన వంద మీటర్ల గది చుట్టూ అంత మందాన పొర వేస్తే బిందువుల సంఖ్య దాదాపు 45 శాతం పెరుగుతుంది. అంటే సగానికి కాస్త తక్కువ అదనపు పని, అది కూడా మనకు అక్కర్లేని ప్రదేశంలో. అయినా స్పాంజి పొర మొండిది, నమ్మదగినది. శబ్దమైనా సుడి అయినా చూడకుండా మింగుతుంది. అందుకే ఇప్పటికీ విరివిగా వాడతారు.

మూడో ఉపాయం: పరావర్తనమే పుట్టని పొర

1994లో ఫ్రాన్స్‌కు చెందిన జాఁ-పియర్ బెరాంజే విద్యుదయస్కాంత తరంగాల కోసం ఒక వింత పొరను ప్రతిపాదించారు. దాని పేరు ‘పర్‌ఫెక్ట్‌లీ మ్యాచ్డ్ లేయర్’, క్లుప్తంగా పి.ఎం.ఎల్. ‘సంపూర్ణంగా సరితూగే పొర’ అనుకోవచ్చు. తరంగం ఏ కోణంలో వచ్చినా, ఏ పౌనఃపున్యంతో వచ్చినా, పొర ముఖద్వారం దగ్గర సిద్ధాంతపరంగా పరావర్తనం సున్నా. లోపలికి వెళ్లాక మాత్రం వేగంగా క్షీణిస్తుంది.

ఇదెలా సాధ్యం? ఇంటర్మీడియట్‌లో చదివిన సంకీర్ణ సంఖ్యలను గుర్తు తెచ్చుకోండి. ఎగుడుదిగుడుగా సాగే తరంగ సూత్రంలో దూరానికి బదులు ఒక కల్పిత భాగం ఉన్న సంఖ్యను పెడితే, అదే సూత్రం క్రమంగా చచ్చుబడే తరంగాన్ని ఇస్తుంది. పి.ఎం.ఎల్. చేసేది ఇదే. పొర లోపల ‘దూరం’ అన్నదాన్నే సంకీర్ణ సంఖ్యగా సాగదీస్తుంది. సమీకరణం రూపం మారదు కాబట్టి, తాను వేరే పదార్థంలోకి అడుగుపెట్టానన్న సంగతి తరంగానికి తెలియదు. తెలియనప్పుడు వెనక్కి తిరగడానికి కారణమే ఉండదు. సాధారణంగా పది, ఇరవై బిందువుల మందం సరిపోతుంది. మన గది చుట్టూ ఇరవై బిందువుల పొర వేస్తే పెరిగేది నాలుగు శాతం బిందువులే.

బెరాంజే ఆలోచనను ఫాంగ్ హూ 1996లో కదిలే గాలిలోని శబ్దానికి అన్వయించారు. అక్కడే అసలు కథ మొదలైంది. కొన్ని లెక్కల్లో పొర తరంగాలను మింగడం మానేసి వాటిని పెంచడం మొదలుపెట్టింది! కాసేపటికి అంకెలు అదుపు తప్పి లెక్క మొత్తం పేలిపోయేది. పరుపు అనుకున్నది లౌడ్‌స్పీకర్ అయింది.

గోదావరిలో పడవ చెప్పే పాఠం

కారణం తెలుసుకోవడానికి గోదావరి ఒడ్డుకు వెళ్దాం. పడవ నడిపే వ్యక్తి అవతలి ఒడ్డుకు చేరాలి. పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పి తెడ్డు వేస్తాడు. ప్రవాహం బలంగా ఉంటే ఏమవుతుంది? ముక్కు ఎగువ వైపే చూస్తూ ఉంటుంది, పడవ మాత్రం దిగువకు కొట్టుకుపోతుంది.

కదిలే గాలిలో కొన్ని శబ్ద తరంగాల పరిస్థితి ఇదే. తరంగ శిఖరాలు ఒక దిశలో కదులుతున్నట్టు కనిపిస్తాయి. అది పడవ ముక్కు. తరంగం మోసుకెళ్లే శక్తి మరో దిశలో పోతుంది. అది పడవ నిజంగా వెళ్లే దారి. భౌతికశాస్త్రంలో మొదటిదాన్ని దశా వేగం అని, రెండోదాన్ని సమూహ వేగం అని అంటారు. మనం తీసుకున్న 70 మీటర్ల ప్రవాహంలో, దానికి అడ్డంగా పోతూ సుమారు 12 డిగ్రీల లోపు ఎగువకు వాలిన తరంగాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. ప్రవాహ వేగం పెరిగేకొద్దీ ఇలాంటి తరంగాలు ఎక్కువవుతాయి.

పి.ఎం.ఎల్. పొరకు ఒక బలహీనత ఉంది. అది పడవ ముక్కును చూసి దిశను నిర్ణయించుకుంటుంది. శక్తి దిగువకు పోతున్నా, శిఖరాలు ఎగువకు చూస్తున్నాయి కాబట్టి దాని లెక్క తలకిందులవుతుంది. తగ్గించాల్సిన చోట పెంచుతుంది.

జబ్బు తెలిశాక మందు దొరికింది. 2001లో హూ మరో పత్రంలో పరిష్కారం చూపారు. పొరను అమర్చే ముందు కాలాన్ని, దూరాన్ని కలిపి ఒక చిన్న గణిత మార్పిడి చేయాలి. ఒడ్డున నిలబడి చూసే మన గడియారాలను, ప్రవాహ వేగానికి తగ్గట్టు చోటు చోటుకూ కొద్దిగా ముందుకో వెనక్కో జరపడం లాంటిది ఇది. ఆ కొత్త గడియారాల ప్రకారం చూస్తే ముక్కు దిశ, పడవ దిశ ఒకే వైపు ఉంటాయి. ఆ తర్వాత పొర బుద్ధిగా పనిచేస్తుంది. అయితే ఈ మార్పిడి ఒకే తీరుగా సాగే ప్రవాహానికి చక్కగా సరిపోతుంది. గాలి వేగం చోటు చోటుకూ మారే చోట, సుడులు బలంగా ఉన్న చోట అంత సులువు కాదు. అందుకే చాలామంది ఇంజనీర్లు సందర్భాన్ని బట్టి పాత స్పాంజినో, రెండు పద్ధతుల కలయికనో ఎంచుకుంటారు.

సెక్టార్ 62లో ఇదే సమస్య

ఈ సమస్య విమాన శబ్దానికే పరిమితం కాదు. నోయిడా సెక్టార్ 62లో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం ఉంది. 2018లో అక్కడ 2.8 పెటాఫ్లాప్స్ సామర్థ్యం ఉన్న ‘మిహిర్’ సూపర్ కంప్యూటర్‌ను ప్రారంభించారు. 2024లో 8.24 పెటాఫ్లాప్స్ ‘అరుణిక’ వచ్చింది. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు పది కోట్ల కోట్ల... అని తడబడకుండా చెప్పాలంటే, ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెట్టినన్ని లెక్కలు.

ఈ కేంద్రం ప్రపంచం మొత్తానికి లెక్క వేస్తే, భూగోళం గుండ్రంగా ఉంది కాబట్టి పక్క హద్దులు ఉండవు. కానీ ఢిల్లీ పరిసరాల్లో శీతాకాలపు పొగమంచును అంచనా వేయడానికి 330 మీటర్ల దూరంలో బిందువులున్న నమూనాను కూడా అక్కడ రూపొందించారు. అంత సన్నని వలను దేశమంతటా పరచలేం. ఢిల్లీ చుట్టూ ఒక పెట్టె గీయాల్సిందే. పెట్టె అనగానే గోడలు వస్తాయి.

ఇక్కడ గోడల పని రెండింతలు. బయటి నుంచి వచ్చే గాలి, తేమ, వేడి వివరాలను లోపలికి రానివ్వాలి. లోపల పుట్టిన తరంగాలను బయటకు పోనివ్వాలి. 1976లో హ్యూ డేవీస్ సూచించిన పద్ధతిలో అంచున ఉన్న కొన్ని వరుసల్లో లోపలి నమూనా విలువలను, బయటి పెద్ద నమూనా విలువలను క్రమంగా కలుపుతారు. చల్ల నీళ్లు, వేడి నీళ్లు కలిపే తొట్టిలా అన్నమాట. స్పాంజి పొరకు ఇది దగ్గరి చుట్టం.

పైకప్పు సమస్య కూడా ఉంది. గాలి హిమాలయాల వంటి పర్వతాల మీదుగా వీచినప్పుడు ఉత్ప్లవన బలం వల్ల తరంగాలు పుట్టి పైకి ఎగబాకుతాయి. ఆకాశానికి మూత లేదు, నమూనాకు ఉంది. ఆ మూతకు తగిలి తరంగాలు కిందికి దిగితే, లేని చోట గాలులు, మేఘాలు లెక్కలో కనిపించవచ్చు. అందుకే వాతావరణ నమూనాల పై పొరల్లో నిలువు కదలికలను అణిచే స్పాంజి పెడతారు. ఉదయం ఆరు గంటలకు పొగమంచులో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే డ్రైవర్‌కు ఈ పొర సంగతి తెలియకపోవచ్చు. అతను చూసే పొగమంచు హెచ్చరిక వెనుక మాత్రం అది ఉంటుంది.

పొర పనిచేస్తోందని తెలిసేదెలా?

నమ్మకం మీద వదిలేసే విషయం కాదిది. 1994లో అమెరికాలోని హాంప్టన్‌లో జరిగిన ఒక కార్యశాలలో పరిశోధకులు కొన్ని ఉమ్మడి పరీక్షా సమస్యలను పెట్టుకున్నారు. వాటిలో ఒకటి చూడటానికి తేలిక. శబ్ద వేగంలో సగం వేగంతో సాగే ప్రవాహంలో ఒక పీడన గడ్డను, ఒక సుడిని, ఒక ఉష్ణోగ్రత ముద్దను వదలాలి. అవి హద్దు దాటి వెళ్లిపోవాలి. ఆ తర్వాత గదిలో ఏమీ మిగలకూడదు. ఏమైనా మిగిలితే, అది హద్దు చేసిన తప్పే.

ఇంకో పద్ధతీ ఉంది. ఒకే సమస్యను చిన్న గదిలోనూ, చాలా పెద్ద గదిలోనూ లెక్కిస్తారు. పెద్ద గది గోడల నుంచి పరావర్తనం తిరిగి వచ్చేలోపు రెండు జవాబులనూ పోలుస్తారు. తేడా ఉంటే చిన్న గది హద్దు ఎంత తప్పు చేసిందో అంకెల్లో తెలిసిపోతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు తమ ల్యాప్‌టాప్‌లోనే ఒక దిశలో సాగే తరంగంతో ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. హద్దు నియమం మార్చినప్పుడల్లా వెనక్కి వచ్చే అల పెరగడం, తగ్గడం కళ్లకు కనిపిస్తుంది.

ఇంటి పైకప్పు మీద విమానం

నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాలోనే జేవర్ దగ్గర కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2021 నవంబర్ 25న శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం వచ్చిన ప్రతి చోటా చుట్టుపక్కల ఊళ్లవారు అడిగే ప్రశ్న ఒకటుంది: మా ఇంటి మీద ఎంత చప్పుడు పడుతుంది? ఊరంతటికీ శబ్ద పటాలు గీయడానికి సాధారణంగా విమానాల మీద కొలిచిన సమాచారాన్ని వాడతారు, పైన చెప్పిన భారీ లెక్కలను కాదు. ఆ లెక్కల పాత్ర అంతకు ముందే ఉంటుంది. చక్రాలు, రెక్కల అంచులు, ఇంజన్ల నుంచి శబ్దం ఎక్కడ పుడుతోంది? ఏ ఆకారం మారిస్తే తగ్గుతుంది? దగ్గరి గాలిని సన్నని వలతో లెక్కించి, అక్కడి నుంచి దూరాన నేల మీద వినిపించే శబ్దాన్ని మరో సూత్రంతో రాబడతారు. దగ్గరి లెక్కలో దొంగ ప్రతిధ్వని కలిస్తే, నేల మీది అంకె కూడా తప్పే.

ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. ఇంజన్ నుంచి దూసుకొచ్చే గాలి చేసే శబ్ద శక్తి, ఆ గాలి వేగం ఎనిమిదో ఘాతానికి అనులోమంగా ఉంటుందని 1952లో జేమ్స్ లైట్‌హిల్ చూపారు. వేగం సగమైతే శబ్ద శక్తి 256వ వంతుకు, అంటే సుమారు 24 డెసిబెళ్లు తగ్గుతుంది. నేటి ఇంజన్లకు వెడల్పాటి ఫ్యాన్లు ఉండి, ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెట్టడానికి ఇంధన పొదుపుతో పాటు ఈ లాభమూ ఉంది. ఇక మిగిలింది ఒక్కో డెసిబెల్ చొప్పున తగ్గించుకోవడం. అంత సూక్ష్మమైన తేడా నిజమా, గోడకు తగిలి వచ్చిన భ్రమా అని తేల్చుకోవాలంటే ముందు గోడ మాయం కావాలి.

మీరు మళ్లీ ఎప్పుడైనా ఖాళీ గదిలో చప్పట్లు కొట్టినప్పుడు, వెనక్కి వచ్చే శబ్దాన్ని ఒక్క క్షణం వినండి. గదిలో అది గోడల గుర్తు. లెక్కలో వినిపిస్తే మాత్రం, ఎక్కడో హద్దు సరిగా పెట్టలేదని అర్థం.